వాసన పేరంటం

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ అంత పెద్దదేం కాదు, సంఘాధ్యక్షుడు తనని తాను పెద్ద మృగం అనుకోవడానికి సరిపోయేంత అడవిలో, వాసన పేరంటం అని ఒక ఆచారం ఉండేది.

ఎవరింట్లో బిడ్డ పుట్టినా, పురుడు తీరాక అడవంతా వచ్చి ఆ బిడ్డను వాసన చూసేది. ఒక్కొక్కరే వచ్చి, మెడ దగ్గర ముక్కు ఆనించి, గట్టిగా పీల్చి, "చల్లగా ఉండు నాయనా" అని వెళ్లిపోయేవారు. పీటలు లేవు, పందిళ్లు లేవు. ఉన్న ఇంట్లో పచ్చగడ్డి, లేని ఇంట్లో ఎండుగడ్డి.

ఈ ఆచారం ఊరికే పుట్టలేదు. వాగు అవతల పులి ఉంది. పిల్లలన్నాక దారి తప్పుతారు. దారి తప్పిన పిల్ల ఎదురైతే, అది తెలిసిన వాసనైతే, ఎవరైనా సరే ఇంటికి తోలుకొచ్చేవారు. తెలియని వాసనైతే పొమ్మనేవారు. పోయిన వానాకాలం ఒక దుప్పిపిల్ల వాగు దాకా పోతే అడవిపంది దాన్ని మూతితో నెట్టుకుంటూ తల్లి దగ్గరికి చేర్చాడు. పందికి దుప్పులంటే గిట్టదు. అయినా పేరంటంలో వాసన చూసిన బిడ్డ, ఎలా వదిలేస్తాడు?

ఆ అడవికి అధ్యక్షుడు బలభద్రం అనే అడవిదున్న. కొమ్ములు పెద్దవి, కంఠం పెద్దది, ఆ రెంటికీ మధ్య ఉన్నది మాత్రం చిన్నది. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆయన భార్య కాటుకమ్మ ఈనింది. మగదూడ. పుట్టిన పూటే తల్లి కాళ్ల సందులోంచి జారి చెంగుచెంగున పొద చుట్టూ తిరిగొచ్చాడు.

అది చూసి కాటుకమ్మ మొగుణ్ణి పిలిచింది.

"ఏమండీ, వీడు కుదురుగా ఉండే రకం కాదు. అటు చూస్తే వాగుంది. తొందరగా అందర్నీ పిలిచి పేరంటం జరిపించండి. బిడ్డ వాసన ప్రతి ముక్కుకీ పట్టాలి. నాకు ఇంకేం వద్దు."

"పిలుస్తాం, పిలుస్తాం. అధ్యక్షుడి కొడుకు పేరంటమంటే మాటలా? పదికాలాలు చెప్పుకోవాలి," అన్నాడు బలభద్రం.

పక్కనే ఆయన కార్యదర్శి నక్క జంబుకేశ్వరరావు ఉన్నాడు. అయ్యగారి నోట్లో మాట సగంలో ఉండగానే మిగతా సగం తను పూర్తి చెయ్యడం ఆయన ఉద్యోగం.

"అదే సార్ నేననబోయేదీ! మామూలుగా చేస్తే ఏముంది? వచ్చారు, వాసన చూశారు, పోయారు. ఆ మధ్య ముళ్లపంది ఇంట్లో జరిగింది. ఒక్కడికైనా గుర్తుందా? ఇలాంటివి చెయ్యడానికి కలాపమూర్తి అని ఒకాయన ఉన్నాడు సార్. పై అడవుల్లో ఆయన చెయ్యి పడందే పండగ పండగే కాదు."

కలాపమూర్తి నెమలి. మర్నాడు తోక నేల తగలకుండా పక్కపక్కకి నడుస్తూ వచ్చాడు.

"నేను ఫంక్షన్లు చెయ్యను సార్. అనుభూతులు డిజైన్ చేస్తాను," అన్నాడు కళ్లు మూసుకుని.

బలభద్రం కంగారుపడ్డాడు. "అంటే భోజనాలుండవా?"

"ఉంటాయి సార్. కానీ వాటికొక థీమ్ ఉంటుంది. అతిథి లోపలికి రాగానే 'ఇది నా కోసమే చేశారు' అనిపించాలి. ప్రతి ఆసనం మీద పేరు. ఎవరి ఇష్టం వాళ్లకి. అన్నిటికన్నా ముఖ్యం, పర్సనల్ టచ్!"

ఆ మాట వినగానే కాటుకమ్మ మొహం విప్పారింది. టచ్ అంటే ముట్టుకోవడమని ఆవిడకు తెలుసు. "అదే బాబూ నాకూ కావలసింది. అందరూ నా బిడ్డని ముట్టుకుని వాసన చూడాలి."

నెమలి ఆవిడవైపు జాలిగా చూశాడు. "అమ్మా, అది పాత పద్ధతి. అన్ని ముక్కులు తగిలితే బాబు నలిగిపోతాడు. పైగా క్షమించాలి, బాబు దగ్గర కాస్త... పేడ వాసనొస్తోంది."

"దూడ దగ్గర పేడ వాసన రాక పన్నీరు వాసన వస్తుందా?"

"ఇకనుంచి వస్తుందమ్మా! బాబుకి సొంతంగా ఒక సువాసన తయారుచేయిస్తాను. పునుగు, సంపెంగ, కాస్త కస్తూరిపసుపు. బాబు ఒంటికి అది పట్టిస్తాం. రిటర్న్ గిఫ్ట్‌గా అదే సువాసన ఒక్కొక్క దొన్నెలో, దొన్నె మీద అతిథి పేరుతో. ఇంటికెళ్లి రాసుకుంటే వాళ్ల ఒంటి వాసనకి కూడా బాబే గుర్తొస్తాడు."

"అద్భుతం!" అన్నాడు నక్క. ఆ తర్వాత బలభద్రం కూడా "అద్భుతం" అన్నాడు. ఎవరు కార్యదర్శో ఎవరు అధ్యక్షుడో అప్పుడప్పుడు ఇలా తెలిసేది కాదు.

కాటుకమ్మకు పురుడు పోసిన ఎలుగుబంటి జడలమ్మ ఈ మాటలన్నీ వింటూ వీపు గోక్కుంటోంది. అడవిలో అందరికీ ఆవిడ పిన్నే.

"ఒరేయ్ బలభద్రం, బిడ్డ వాసన మూసేసి వాసన పేరంటం చెయ్యడమేమిట్రా? పెళ్లికూతురికి ముసుగేసి పెళ్లిచూపులు పెట్టినట్టుంది."

"పిన్నీ, నీకు తెలీదు. కాలం మారింది."

"కాలం మారిందిరా. పులి మారిందా?"

బలభద్రం వినలేదు. కాటుకమ్మ ఏడ్చింది, పాలు తాగే బిడ్డ మీద ఒట్టు పెట్టింది. "నీకు నలుగురిలో నా పరువు అక్కర్లేదా?" అని ఆయన ఒక్క రంకె వేశాడు. దాంతో ఇంటి చర్చ ముగిసింది.

పేరంటం రోజు అడవంతా కదిలొచ్చింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు తమ పేరెక్కడుందో వెతుక్కున్నారు. దొరికాక పక్కవాడి ఆసనం తమదాని కన్నా పెద్దదేమో చూసుకున్నారు. బిడ్డ ఎక్కడున్నాడని అడిగినవాడు లేడు.

నెమలి నిజంగానే ప్రతివారి ఇష్టం కనుక్కున్నాడు, కాకపోతే వాళ్లని తప్ప మిగతా అందర్నీ అడిగి. జడలమ్మకు తేనె ఇష్టమని ఎవరో చెప్పారు. తాజాగా ఉండాలని తేనెటీగలతో సహా పట్టు తెచ్చి ఆవిడ పీట మీద పెట్టించాడు. ముళ్లపందికి జీవితంలో మెత్తదనం కరువని తనే ఊహించి బూరుగుదూది పరుపు వేయించాడు. ముళ్లపంది ఒకసారి కూర్చుని లేచేసరికి పరుపు కూడా ఆయనతో పాటు లేచింది. చివరిదాకా అలాగే తిరిగాడు. చూసినవాళ్లు అది కూడా థీమ్‌లో భాగమే అనుకుని మెచ్చుకున్నారు.

"అబ్బ, ఎంత శ్రద్ధో!" అంది కుందేలు.

"పేరుపేరునా పట్టించుకున్నాడమ్మా మహానుభావుడు!" అంది దుప్పి. ఆవిడ పేరు రెండుచోట్ల తప్పు రాశారు.

దూడను ఎత్తుగా ఒక బండ మీద నిలబెట్టారు. చుట్టూ పూలతీగలు తాళ్లలా కట్టారు. తీగ దాటి ఎవరూ పోకుండా నక్క కాపలా. ఒంటినిండా పట్టించిన పునుగు ఎండకు కారుతుంటే దూడ తుమ్ముతూ, చర్మం జలదరిస్తూ, తల్లికోసం దిక్కులు చూస్తున్నాడు.

జడలమ్మ ముఖమంతా తేనెటీగలు కుట్టిన వాపుతోనే తీగ దాటబోయింది.

"పిన్నిగారూ, ముట్టుకోకూడదు," అన్నాడు నక్క.

"ఏదో టచ్ అన్నారుగా?"

"పర్సనల్ టచ్ అండీ. అంటే ఎవరూ ముట్టుకోరు."

ఆవిడ ఉన్నచోటే నిలబడి ముక్కు ఎగబీల్చింది. సంపెంగ తప్ప ఏమీ తగల్లేదు. కాటుకమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

నక్క బండెక్కి గొంతెత్తి ప్రకటించాడు. "మహాజనులారా! ఈ సువాసనే మన చిరంజీవికి గుర్తు! ఇక మీదట ఈ వాసన ఎక్కడ తగిలితే అక్కడ అధ్యక్షులవారి అబ్బాయి ఉన్నట్టే!"

నక్కది మంచి గొంతు. వాగు అవతలికి కూడా స్పష్టంగా వినబడింది. అక్కడ పొదలో పడుకున్న పులి ఒక చెవి పైకెత్తి, గాలి పీల్చి, ఆ వాసన జ్ఞాపకం పెట్టుకుంది.

అతిథులు దొన్నెలు పుచ్చుకుని ఇళ్లకెళ్లి ఒళ్లంతా రాసుకున్నారు. ఊరికే వచ్చింది కదా అని పంది రెండుసార్లు రాసుకున్నాడు. దొన్నె తీసి పొదల్లోకి గిరాటేసింది జడలమ్మ ఒక్కతే.

మర్నాడు ఎండ ముదిరేసరికి దూడకు ఒళ్లు మంటెత్తింది. తల్లికి కునుకు పట్టిందో లేదో పరిగెత్తి బురదగుంటలో పడ్డాడు. ఇటు దొర్లి, అటు దొర్లి, పునుగూ సంపెంగా మొత్తం వదిలించుకున్నాడు. ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయిలో ఎటు పోతున్నాడో చూసుకోలేదు.

కాసేపటికి ఇల్లు కనబడలేదు. ఎదురుగా అడవిపంది కనిపించాడు. దుప్పిపిల్లను కాపాడిన పందే.

దూడ వెళ్లి ఆయన కాళ్లకు ఒరుసుకున్నాడు. పంది వాసన చూశాడు. బురద. బురద కింద ఎవరో తెలియని పిల్ల.

"ఎవరబ్బాయివిరా నువ్వు?"

దూడ "అంబా" అన్నాడు.

"అధ్యక్షులవారి అబ్బాయి పేరంటానికి నేనూ వెళ్లాను. ఆయన కమ్మగా సంపెంగ వాసనేస్తాడు. నువ్వెవరో పరాయి మంద పిల్లవి. పో, పో!" అని మూతితో వాగు వైపు నెట్టాడు. చెడ్డవాడై కాదు. ముక్కు చెప్పింది చేశాడు.

ఇక్కడ కాటుకమ్మ లేచి చూస్తే బిడ్డ లేడు. గాలి పీల్చింది. తూర్పున బిడ్డ వాసన! పరిగెత్తింది. కుందేలు. దక్షిణాన బిడ్డ వాసన! పరిగెత్తింది. దూదితో సహా ముళ్లపంది. ఎటు తిరిగినా బిడ్డే, ఎక్కడా బిడ్డ లేడు. "నా బిడ్డని అడవంతా పంచిపెట్టారే!" అని గుండెలు పగిలేలా అరిచింది.

అదే సమయానికి పులి వాగు దాటింది. ఒడ్డున బురదముద్దలా దూడ నిలబడి ఉన్నాడు. పులి ఆగి చూసింది.

"ఎవరి పిల్లో, దిక్కూ దివాణం లేనిదానిలా ఉంది. సంపెంగతో నానబెట్టిన అధ్యక్షుడి కొడుకుండగా ఈ మట్టిబెడ్డ నాకెందుకు?" అనుకుని పక్కనుంచి వెళ్లిపోయింది. గొప్పవాళ్ల ఇంటి భోజనానికి పిలుపొచ్చిందనుకుంటే పులికైనా బుద్ధి అలాగే పనిచేస్తుంది.

వాసన వెంట పోతే పులికి ముందు నక్క తగిలాడు. వాడు చెట్టు తొర్రలో దూరాడు. పులి తొర్ర దగ్గర ఆగలేదు, ఎందుకంటే ఆ పక్క దిబ్బ మీదనుంచి అంతకు పదింతల వాసన వస్తోంది. అక్కడ కలాపమూర్తి మిగిలిన సువాసనంతా ఈక ఈకకూ పట్టించుకుని, తర్వాతి ఫంక్షన్‌కి పురివిప్పి రిహార్సల్ వేసుకుంటున్నాడు.

పులి కాస్త నిరాశపడిన మాట నిజం. కానీ అంత దూరం వచ్చాక ఉత్త కడుపుతో తిరిగి వెళ్లడం బాగుండదని కానిచ్చేసింది.

దూడ ఎలాగో పడుతూ లేస్తూ ఇంటి ముంగిటకు చేరాడు. గుమ్మంలో బలభద్రం నిలబడి ఉన్నాడు. కొడుకు పోయాడన్న బాధకంటే ఈ సంగతి నలుగురికీ ఎలా చెప్పాలన్న బాధ ఎక్కువగా ఉంది. బురదతో వచ్చిన దూడను చూసి ముక్కు విదిలించాడు.

"ఎవడ్రా నువ్వు? మా వాడు కనబడక మేం చస్తుంటే అనాథలంతా ఇక్కడికే తగలడతారేం?" అంటూ కొమ్ములు దించాడు.

దూడ బెదిరి "అంబా" అని అరిచాడు.

ఆ అరుపు పొదలవతల ఉన్న కాటుకమ్మకు వినబడింది. వినబడిన మరుక్షణం పొదుగు చేపి, పాలు ధారగా నేల మీద కారాయి. ముక్కు మోసపోయింది గానీ పొదుగు మోసపోలేదు. ఒక్క ఉరుకున వచ్చి మొగుడి కొమ్ములకూ బిడ్డకూ మధ్య నిలబడింది. బురదంతా నాకి నాకి, అడుగున దాగిన పేడ వాసన తగిలేదాకా నాకి, అప్పుడు ఏడ్చింది.

"నాకప్పుడే అనుమానం వచ్చిందిలే," అన్నాడు బలభద్రం.

కాటుకమ్మ ఆయన మొహం కూడా చూడలేదు.

మర్నాడు ఆవిడే స్వయంగా ఇంటింటికీ వెళ్లి పిలిచింది. పీటల్లేవు, పేర్లు లేవు. అందరూ వాగులో ఒళ్లు కడుక్కుని వచ్చి, ఒక్కొక్కరే బిడ్డ మెడ దగ్గర ముక్కు ఆనించారు. మొదట జడలమ్మ. అందరికన్నా చివర అడవిపంది. తలొంచుకుని వచ్చి, మిగతావాళ్లకంటే చాలాసేపు వాసన చూసి వెళ్లిపోయాడు. ఎండుగడ్డి కూడా ముట్టలేదు.

బలభద్రం మాత్రం కలాపమూర్తి సంస్మరణ సభ ఘనంగా జరిపించాడు. థీమ్ నెమలి ఈకలు. దిబ్బ మీద కావలసినన్ని దొరికాయి. "ఆయన చేసిన వేడుకను ఈ అడవి ఎన్నటికీ మరిచిపోదు!" అని నక్క ప్రసంగించాడు. ఈ ఒక్క మాటలో మాత్రం అబద్ధం లేదు.

నీతి: పదికాలాలు గుర్తుండిపోయే వేడుక చెయ్యాలనుకుంటే ముందు పులిని పిలవండి, పర్సనల్ టచ్ నిజంగా చేతనైంది దానికొక్కదానికే.