ముందే పడిపోయిన ఓట్లు

మెయిల్ వచ్చేసరికి ధాత్రి ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండో బూటు కోసం హీటర్ జాలీ దగ్గరికి కుంటుకుంటూ వెళ్తోంది. బయట మైనస్ ఇరవై ఆరు. పెళ్ళయిన ఈ నాలుగు నెలల్లో యోగానంద్ చేసే పనులన్నిటిలోకీ ఆమెకు ఎక్కువ ఇష్టమైనది, రోజూ పొద్దున్నే తన బూట్లు ఆ జాలీ మీద పెట్టి వెచ్చబెట్టడం. వెచ్చటి బూటులో కాలు దూరుస్తూ ఫోన్ చూసింది. చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు యోగానంద్, నోట్లో బ్రష్షుతో.

"సెప్టెంబర్‌లో కోర్సు చెప్పడానికి షార్ట్‌లిస్ట్ చేశారు. నేనూ, కానర్. ఇద్దరమే."

కెనడా వచ్చి ఈ సస్కటూన్‌లో పీహెచ్‌డీకి చేరిన మూడేళ్ళ నుంచీ ధాత్రి ఇతరుల క్లాసుల పేపర్లు దిద్దుతోంది. ఇప్పుడు సొంత క్లాసు, తను రాసుకున్న సిలబస్, తలుపు మీద తన పేరు. పేద దేశాలకు సాయం చేయబోయేవాళ్ళు ముందు అక్కడి మనుషులను అడగాలన్నది ఆమె వాదం. ఆకలిగా ఉన్నవాళ్ళ దగ్గర మీటింగులు పెట్టకూడదు, తెలిసినవాడు చేసేయాలన్నది తన జూనియర్ కానర్ వాదం. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ జనం ముందు వాదించుకోవాలి. గెలిచినవాళ్ళకే కోర్సు.

"వినకముందు ఒకసారి ఓటేస్తారు, విన్నాక ఇంకోసారి," అని వివరించింది ధాత్రి. "ఎవరి వైపుకి ఎక్కువమంది మారితే వాళ్ళు గెలిచినట్టు. మొత్తం ఎన్ని ఓట్లొచ్చాయన్నది లెక్కలోకే రాదు. ఎవరూ మారకపోతే సీనియర్‌కి ఇస్తారు, అంటే నాకు. కానీ అలా వద్దు. నేను గెలిచే తీసుకుంటా."

ఆ సంబరంలో యోగానంద్ చెవికెక్కింది ఒక్క మాటే. ఓట్లు.

ఆమె బస్సు దిగేలోపు ఫోన్‌లో నలభై మూడు మెసేజీలు ఉన్నాయి. యోగానంద్ చెప్పింది ఒక్కరికే. ఆ ఒక్కరూ బాలత్రిపురసుందరి గారు. పదకొండేళ్ళుగా తెలుగు సంఘానికి ఆవిడే కార్యదర్శి, ఇంకెవరూ నిలబడరు. ఆవిడ గ్రూపులో ఇలా పెట్టారు: "మన ధాత్రి యూనివర్సిటీలో ఎలక్షన్‌కి నిలబడుతోంది. శుక్రవారం నాలుగింటికి. ఒక్క ఓటు పోకూడదు. పులిహోర నాది."

ధాత్రి వెంటనే ఫోన్ చేసింది. "ఆంటీ, ఇది ఎలక్షన్ కాదండీ. ఏ అభిప్రాయం లేనివాళ్ళు వచ్చి విని..."

"నీకు మొహమాటం ఎక్కువటమ్మా. మీ ఆయన చెప్పాడు."

"మొహమాటం కాదాంటీ. మీరెవరూ రాకపోతేనే నాకు మంచిది."

"చూశావా, ఎంత అణకువో. ఇలాంటి పిల్లని మనం చూసుకోకపోతే ఇక్కడెవరు చూసుకుంటారు?"

ఫోన్ పెట్టేసిన నిమిషానికి గ్రూపులో ఇంకో మెసేజీ వచ్చింది. అమ్మాయి పిలవడానికి మొహమాటపడుతోంది కాబట్టి అందరూ పిల్లలతో సహా రావాలి. గురువారానికల్లా పక్క నగరం రెజైనాలోని తెలుగువాళ్ళు రెండు వ్యాన్లు మాట్లాడుకున్నారు.

"వాళ్ళని ఆపు," అంది ధాత్రి.

"ఎట్లా ఆపను? రెండున్నర గంటలు మంచులో డ్రైవ్ చేసుకుంటూ వస్తున్నారు. ఎంత ప్రేమ ఉంటే వస్తారు చెప్పు."

"ఎవరడిగారు?"

"ప్రేమకి అడుగుడేంది?"

కానర్ ఏమేం వాదించవచ్చో తను వేసుకున్న జాబితాలో ధాత్రి ఈ వాక్యాన్ని కూడా చేర్చుకుంది.

శుక్రవారం మూడింటికే హాలు నిండిపోయింది. ఎనభై ఆరు కుర్చీల్లో డెబ్బై నాలుగు మనవాళ్ళవి. పిల్లలు నేల మీద, కోట్లు కిటికీల మీద. మిగిలిన పన్నెండు కుర్చీల్లో కానర్ హాకీ జట్టు. నిజంగా వినడానికి వచ్చిన విద్యార్థులు నాలుగుకు పది నిమిషాల ముందు తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్ళ మనసు మార్చడానికే ధాత్రి నాలుగు రోజులుగా అద్దం ముందు మాట్లాడుతోంది. సంఘంలోని జానకమ్మ గారు ఒక్కొక్కరి చేతిలో పులిహోర ప్లేటు పెట్టి, "సీట్లు లేవు నాన్నా, తిని వెళ్ళండి," అన్నారు. వాళ్ళు థాంక్స్ చెప్పి, తిని, వెళ్ళారు.

"మీ నిజమైన అభిప్రాయానికే ఓటేయండి," అన్నారు చర్చ నడిపే ప్రొఫెసర్ గారు. బాలత్రిపురసుందరి గారు వెనక్కి తిరిగి, "మొదటిదీ రెండోదీ మన అమ్మాయికే," అని తెలుగులో విడమరిచారు.

తెర మీద అంకెలు పడ్డాయి. ధాత్రికి డెబ్బై నాలుగు, కానర్‌కి పన్నెండు. ఎవరో ఈల వేశారు. ప్రొఫెసర్ గారు ధాత్రిని, చెడ్డ రిపోర్టు చేతికొచ్చిన డాక్టరు రోగిని చూసినట్టు చూశారు. ఇక మార్చడానికి మిగిలింది ఆ హాకీ జట్టే. తను పోగొట్టుకోగలిగినవి మాత్రం డెబ్బై నాలుగు.

అయినా ధాత్రి ఎన్నడూ లేనంత బాగా మాట్లాడింది. ఒక ఊరికి పొగరాని పొయ్యిలు పంచిన సంగతి చెప్పింది. ఇంటి కప్పు గడ్డికి పురుగు పట్టకుండా కాపాడేది ఆ పొగేనని, ఎవరూ ముందు అడగకపోవడం వల్ల మరుసటి ఏడాదికి కప్పులు కూలాయని చెప్పింది. ఆమె ఊపిరి తీసుకున్న ప్రతిచోటా చప్పట్లు మోగాయి. సగం వాదన ఆ చప్పట్ల కింద పడి ఎవరికీ వినిపించలేదు.

కానర్‌కి చప్పట్లు లేవు కాబట్టి ప్రతి మాటా వినిపించింది. "పక్కింటికి నిప్పంటుకుంటే, నీళ్ళు పోయమంటారా అని తలుపు తట్టి అడుగుతామా?" అన్నాడు. మూడో వరసలో ఎవరిదో తల మెల్లగా ఊగింది. లైట్లు కళ్ళలో పడి ధాత్రికి మొహం కనిపించలేదు.

రెండో ఓటు. ధాత్రికి డెబ్బై మూడు, కానర్‌కి పదమూడు. ఒక్క ఓటు మారింది కాబట్టి కానర్ గెలిచాడని ప్రొఫెసర్ గారు ప్రకటించారు.

సిటీ బస్సు నడిపే కొమరయ్య గారు లేచి నిలబడ్డారు. "డెబ్బై మూడు పెద్దదా, పదమూడు పెద్దదా బిడ్డా? గెల్చినంక ఓడుడేంది?"

"నియమం అదే అంకుల్," అంది ధాత్రి.

"ఈ నియమం ఎవల్నడిగి పెట్టిన్రు?"

బాలత్రిపురసుందరి గారికి నియమంతో పని లేదు. "మారిన ఆ ఒక్కరూ ఎవరు?" అంటూ రెజైనా వరస వైపు చూశారు. రెజైనా వాళ్ళు కోట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు. "అంత దూరం నుంచి వచ్చింది ఈ మాట పడటానికా?" అన్నారెవరో.

మూడో వరసలో ఒక చెయ్యి సగం లేచింది.

"నేనే," అన్నాడు యోగానంద్. "నిజమైన అభిప్రాయం అన్నరు కదా. ఆ నిప్పు పాయింట్ నాకు కరెక్టే అనిపించింది."

ధాత్రి భర్తను చూసింది. అతను ఓటు మార్చకుండా ఉంటే ఎవరూ మారనట్టే, సీనియర్‌గా కోర్సు తనకే. ఎనభై ఆరు మందిలో చర్చను చర్చలా విని, చెప్పినట్టు నిజాయితీగా ఓటేసినవాడు అతనొక్కడే. అలాంటివాడిని ఏమని తిట్టాలో మూడేళ్ళ చదువులో ఎక్కడా లేదు.

"సారీ," అన్నాడతను దగ్గరికొచ్చి. "నువ్వు కూడా మస్తు చెప్పినవ్."

"నీకు వినపడిందా?"

"సగం."

కానర్ వచ్చి ఆమెతో చేయి కలిపి, పులిహోర బాగుందని చెప్పి వెళ్ళాడు. ఈలోగా బాలత్రిపురసుందరి గారు యోగానంద్‌ని క్షమించేసి, కుర్చీ ఎక్కి ప్రకటించారు. "రేపు శనివారం. డీన్ గారు ఇంట్లోనే ఉంటారు. అందరం కలిసి వెళ్దాం. పిటిషన్ నేను రాస్తాను. జానకమ్మ గారూ, మీరు శాలువా, పళ్ళు. రెజైనా వాళ్ళు అలిగి పోవద్దు, మీకు పడకలు యోగానంద్ ఇంట్లో."

"ఆంటీ, వద్దండీ," అంది ధాత్రి. "నేనింకా రెండేళ్ళు ఇక్కడే చదవాలి."

ఎవరూ వినలేదు. ఎవరి కారులో ఎవరెక్కాలో, టిఫిన్‌కి ఉప్మానా ఇడ్లీనా, డీన్ ముందు ముందుగా ఎవరు మాట్లాడాలో అన్నీ తేలిపోయాయి. అప్పుడు బాలత్రిపురసుందరి గారు కుర్చీ దిగి వచ్చి ధాత్రి చేతిని ప్రేమగా పట్టుకున్నారు.

"నిన్ను అడక్కుండా ఏదీ చెయ్యం కదమ్మా. ఎనిమిదికి బయల్దేరదామా, ఎనిమిదిన్నరకా?"

ఆ వారం మొత్తంలో తన ఇష్టమేమిటని ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అదే కావడంతో, ధాత్రి కాసేపు శ్రద్ధగా ఆలోచించి, ఎనిమిదిన్నర అంది.