బాల్దిరి వెనకాముందాట

పెళ్లానికి ఎదురు చెప్పాలంటే ధైర్యం కావాలి. బాల్దిరికి అది లేదు. అందుకని సలహాలు చెప్పేవాడు.

అతను స్కూలు బస్సు డ్రైవరు. మలుపు ఇంకా అరకిలోమీటరు ఉందనగానే హారన్ కొట్టే రకం. భార్య రెమేయ్‌కి ఉన్ని దుకాణం ఉంది. తీరిక దొరికితే చాలు, సీటు లేని సైకిలెక్కి ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి దూకుతుంది. రిపోల్ పట్నానికి పైన కొండల్లో ఉన్న ఆ ఊళ్లో దీన్నెవరూ వింతగా చూడరు. కాలు నేలకి ఆనకుండా బండలు దాటినవాళ్లే అక్కడ మొనగాళ్లు. ఊరి పండగకి యాభై దాటినవాళ్లకి కూడా పోటీ ఉంటుంది.

కిందటేడు ఏటి ఒడ్డున పెద్ద బండ ఎక్కుతుండగా రెమేయ్ సైకిలు వెనక చక్రం నడిమి హబ్బులో పళ్లు జారాయి. బలమంతా పెట్టి తొక్కిన కాలు ఒక్కసారిగా గాల్లోకి దిగిపోయింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఎముక అతికింది గానీ, హబ్బు జారినప్పుడు "టక్"మన్న చప్పుడు మాత్రం బాల్దిరి చెవిలోనే ఉండిపోయింది. బస్సులో ఎవరైనా పెన్ను నొక్కినా బ్రేకు తొక్కేవాడు.

ఈ వేసవిలో డాక్టరు కాలు చూసి, గట్టిపడింది, ఇక దూకవచ్చు అన్నాడు. ఆ రోజు నుంచి బాల్దిరి ఆ డాక్టరుకి నమస్కారం పెట్టడం మానేశాడు.

వద్దని చెబితే రెమేయ్ అదే పని రెట్టింపు చేస్తుంది. ఆ సంగతి పెళ్లయిన వారానికే అతనికి తెలిసింది. కానీ ఆమె సైకిలు విప్పేదీ, బిగించేదీ అతనే. విప్పడం అతని చేతిలో పని. బిగించకపోవడం కూడా అతని చేతిలో పనే. సైకిల్ని షెడ్డులో తలకిందులుగా వేలాడదీసి, ఈసారి తొందరపడకూడదు, ఫ్రీవీలు ముందు పెట్టాలా వెనక పెట్టాలా అన్నది బాగా ఆలోచించి తేల్చాలి అని ప్రకటించాడు.

ఫ్రీవీలంటే మరేం కాదు, తొక్కడం ఆపితే టకటకమంటూ ఖాళీగా తిరిగే భాగం. మామూలు సైకిలుకి అది వెనక చక్రం హబ్బులోనే ఉంటుంది, కిందటేడు పళ్లు జారింది అందులోనే. ఈ దూకుడు సైకిళ్లకి మాత్రం ముందు, పెడళ్ల దగ్గర కూడా పెట్టుకోవచ్చు.

"ముందు పెడితే మేలు. అరిగితే అదొక్కటీ విప్పి మార్చేయొచ్చు" అన్నాడు బాల్దిరి.

రెమేయ్ సరే పెట్టెయ్ అంది. ఇంత త్వరగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. రెండు రోజులాగి, ముందు పెడితే తొక్కకపోయినా చెయిను తిరుగుతూనే ఉంటుంది, ప్యాంటు అంచు ఇరుక్కుంటుంది, కాబట్టి వెనకే మంచిది అన్నాడు. ఆమె సరే అయితే వెనకే పెట్టమంది. వెనక పెడితే ఆ చక్రం బరువెక్కుతుందన్నాడు. అయితే ముందే పెట్టమంది.

"ముందా? ఏమో, దానికి చెయిను వంకర పోకుండా వరస కుదరాలి మరి."

"బాల్దిరీ, నువ్వు వెనకాముందూ ఆడుతున్నావు."

"ఆడటం కాదు. రెండు వైపులా చూస్తున్నాను."

"బస్సు కూడా ఇలాగే నడుపుతావా? పిల్లల్ని బడికి చేర్చి మళ్లీ వెనక్కి తెచ్చేస్తావా?"

మర్నాడు అతను సమస్యని కిర్జే బారుకి పట్టుకెళ్లాడు. ఒక్కడే సాగదీస్తే అనుమానం వస్తుంది, ఊరంతా సాగదీస్తే అది చర్చ అవుతుంది.

ఆ ఊళ్లో చర్చకి కరువు వచ్చి చాలా కాలమైంది. వారం తిరక్కుండా బారులో రెండు పార్టీలు లేచాయి. మాంసం కొట్టు పొన్స్ ముందు పార్టీకి నాయకుడు. జన్మలో సైకిలెక్కినవాడు కాదు గానీ గొంతు పెద్దది. వెనక పార్టీకి మందుల షాపు ఆమె. ముందు పార్టీవాళ్లు ఆమె దగ్గర జలుబు మందు కొనడం మానేశారు, వెనక పార్టీవాళ్లు పొన్స్ దగ్గర సాసేజీలు కొనడం మానేశారు. బాల్దిరి ఒక రోజు ఈ బల్ల దగ్గరా, మర్నాడు ఆ బల్ల దగ్గరా కూర్చుని తల ఊపి వచ్చేవాడు.

రెమేయ్ కూడా ఏం తక్కువ తినలేదు. రోజూ భోజనాల వేళ కొత్త సందేహం తెచ్చేది. అతనికి జవాబు వెతకడంతోనే సరిపోయేది. సాయంత్రాలు కాలికి మంచిదని ఈతకి వెళ్లి తడి జుట్టుతో వచ్చేది. ఈదడం నయం, నీళ్లలో బండలుండవు కదా అని అతను సంతోషించాడు.

పండగ వచ్చింది. సైకిలు ఇంకా షెడ్డులో వేలాడుతూనే ఉంది. బాల్దిరి కొత్త చొక్కా వేసుకుని, తేలికపడ్డ గుండెతో చౌకులోకి వెళ్లాడు.

అక్కడ పొన్స్ కొట్టు ఏప్రాన్ కూడా విప్పకుండా, ఎవరిదో ముందు ఫ్రీవీలు సైకిలు ఎరువు తెచ్చుకుని నిలబడి ఉన్నాడు. ఇవాళ వెనక పార్టీ నోరు మూయిస్తానన్నాడు. మందుల షాపు ఆమె, మూసుకునేది ఎవరో చూద్దామంది. బాల్దిరి ఆపబోయాడు గానీ, రెండు పార్టీలూ అతన్ని పక్కకి లాగేశాయి.

పొన్స్ చర్చి వీధి పైనుంచి దిగడం మొదలుపెట్టాడు. తొక్కలేదు, ఊరికే నిలబడ్డాడు. అయినా చెయిను తిరుగుతోంది. అది ముందు అతని ఏప్రాన్ తాడు అందుకుంది, తర్వాత ఏప్రాన్. పొన్స్ కొంచెం కొంచెంగా వంగుతూ, చివరికి హ్యాండిల్‌ని ముద్దుపెట్టుకున్నట్టుగా వచ్చి బ్యాండువాళ్ల మధ్య పడ్డాడు. పెద్ద బాకా ఒకటి పండగ వంటకి పెట్టిన చిక్కుడు గింజల గుండిగలో తేలింది. పొన్స్‌కి దెబ్బలేం తగల్లేదు. సాసేజీల బుట్ట అడ్డుపడింది, అది కూడా అతనిదే.

మందుల షాపు ఆమె చప్పట్లు కొట్టింది. ముందు పార్టీవాళ్లు తప్పు ఏప్రాన్‌దన్నారు. బాల్దిరి లోలోపల పొంగిపోయాడు. దీంతో చర్చ చలికాలం దాకా ఢోకా లేకుండా నడుస్తుంది.

అప్పుడు మైకులో వినిపించింది, ఏటి ఒడ్డు పోటీలో తర్వాతి పేరు రెమేయ్ అని.

బాల్దిరి పరిగెత్తాడు. దారిలో ఎవరెవర్ని తోసుకుంటూ వెళ్లాడో అతనికి తెలియదు. చేరేసరికి రెమేయ్ అదే పెద్ద బండ కింద, అతను ఎన్నడూ చూడని ఎర్ర సైకిలు మీద, రెండు పెడళ్ల మీదా కదలకుండా నిలబడి ఉంది. పక్కన ఆమె చెల్లెలు ఎంగ్రాసియా నీళ్ల సీసా పట్టుకుని ఉంది.

"అరవకు బావా. అక్క చూపు చెదురుతుంది" అంది.

రెమేయ్ ముందు చక్రం ఎత్తి, కాలి బలమంతా పెడల్ మీద పెట్టింది. బాల్దిరి కళ్లు మూసుకుని ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. రబ్బరు బండకి రాసుకున్న చప్పుడు వచ్చింది. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత చప్పట్లు వినిపించాయి.

కళ్లు తెరిస్తే ఆమె బండ మీద ఉంది. దిగేటప్పుడు ఒక్కసారి కాలు ఆనించింది, అంతే. బాల్దిరి గడ్డి మీద కూలబడ్డాడు. కొంతసేపటికి రెమేయ్ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇదెప్పట్నుంచి?"

"నువ్వు మొదటిసారి మాట మార్చినప్పట్నుంచి. చెల్లి గోదాంలో బిగించాం. సాయంత్రాలు అక్కడే సాధన."

"మరి ఈత? తడి జుట్టు?"

"వాళ్లింట్లో కుళాయి లేదా?"

"అయితే రోజూ నాతో ఆ వాదన ఎందుకు?"

"నీకో పని ఉండాలిగా. లేకపోతే షెడ్డులోంచి బయటికొచ్చి నా వెనకాలే తిరిగేవాడివి." ఆమె కాసేపు కాలు రుద్దుకుంది. "భయమేస్తే భయమేస్తోందని చెప్పొచ్చుగా బాల్దిరీ. మధ్యలో ఆ హబ్బు ఏం చేసింది?"

"చెబితే మానేసేదానివా?"

"మానను. కానీ నిన్ను తీసుకెళ్లి బండ పక్కన నిలబెట్టుకునేదాన్ని. పడితే పట్టుకుంటావని."

బాల్దిరి కొత్త చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. కొన్ని నెలలుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయినట్టుంది. సిగ్గుగానే ఉంది గానీ హాయిగా కూడా ఉంది. ఇంతకీ ముందు పెట్టావా, వెనక పెట్టావా అని అడిగాడు.

"ముందే. అరిగితే అదొక్కటీ మార్చుకోవచ్చు. మొట్టమొదట నువ్వు చెప్పింది మంచి సలహానే."

మధ్యాహ్నం కిర్జే బారులో సంగతి తెలిసి రెండు పార్టీలూ డీలాపడ్డాయి. ముందు పార్టీ గెలిచింది గానీ, ఏప్రాన్ లేని పొన్స్‌కి ఆ గెలుపు ఎలా పండగ చేసుకోవాలో తోచలేదు. ఇక రేపట్నుంచి ఇక్కడ ఏం మాట్లాడుకోవాలని కిర్జే గ్లాసులు తుడుస్తూ దిగులుపడ్డాడు.

బాల్దిరి మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "మాట్లాడుకోవాలంటే, ఆ బ్రేకుల సంగతే నాకు..."

రెమేయ్ టమాటా రుద్దిన రొట్టెముక్క అతని నోట్లో పెట్టింది. పెద్ద ముక్కే పెట్టింది.