కర్ర కడిగానని చెప్పిన మంగళవారం

ఇరవై ఆరేళ్లుగా బస్సులో నిలబడి టిక్కెట్లు కొడుతున్న మనిషికి వారానికి ఒక్క మధ్యాహ్నం పడుకునే హక్కు ఉందా, లేదా? మీరే చెప్పండి. నవ్వకండి, నేను అడుగుతున్నది నిద్ర గురించి.

నాకు సెలవు మంగళవారం. భోజనం చేసి, వెనక వరండాలో మడత మంచం వేసుకుని, మూడు గంటలపాటు ఎవరినీ "ముందుకు జరగండి" అనకుండా పడుకోవాలి. నా జీవితాశయం అంతే. ఇంకా పెద్ద ఆశలు ఉండేవేమో గానీ, ఎప్పుడో ఏదో స్టాపులో దిగిపోయాయి.

ఆ కాస్త ఆశయానికీ అడ్డు నాలుగు కోళ్లు. వాటిని పెంచేది మా ఆవిడ. అంటే, పేర్లు పెట్టేది ఆవిడ, గూడు కడిగేది నేను. మేనేజరమ్మ మిగతా మూడూ ఏం చేస్తున్నాయో చూస్తూ తిరుగుతుంది. గంట తను గుడ్డు పెట్టిన సంగతి వీధి చివరిదాకా చెబుతుంది. పొరుగమ్మ పొద్దస్తమానం పక్కింట్లోనే ఉంటుంది. ఇక దుబారా. అది తింటుంది, అంతే.

మా ఆవిడ దర్జీ. ముందుగదిలో మిషను ముందు కూర్చుంటే తల ఎత్తదు. కానీ మంగళవారం నేను మడత మంచం మీద చెయ్యి వేస్తే చాలు, మిషను చప్పుడు ఠక్కున ఆగిపోతుంది.

"ఏమండీ, గూడు కడిగారా?"

"కడుగుతానే. ఒక్క కునుకు..."

"కునుకు తరవాత చీకటి పడుతుంది. చీకటి పడ్డాక కోళ్లు గూడెక్కుతాయి. అవి ఎక్కాక మీరేం కడుగుతారు?"

బ్రష్షు పట్టుకుని వెళ్లాను.

గూట్లో కోళ్లు ఎక్కి పడుకునే కర్ర ఒకటి ఉంది. అదే ముఖ్యం. దాని పగుళ్లన్నీ వేడినీళ్లు పోసి రుద్దాలి. కర్ర తియ్యబోతుంటే ముంజేతి మీద చురుక్కుమంది. చూస్తే ఆవగింజలో సగం కూడా లేని ఎర్ర పురుగులు, వరసకట్టి నా మోచేతి వైపు వస్తున్నాయి. కర్ర సందుల్లో ఇంకా బోలెడున్నాయి. టిక్కెట్టు లేకుండా ఎక్కిన బాపతు.

కేక వెయ్యబోయి ఆగాను. మా ఆవిడకి పురుగంటే పరమ అసహ్యం. వంటింట్లో ఒక బొద్దింక కనిపిస్తే మూడు గదులూ కడిగిస్తుంది. మరి ఈ దండుని చూస్తే? "బాబోయ్, ఈ కోళ్లు నాకొద్దు, మా తమ్ముణ్ణి పట్టుకుపొమ్మనండి" అనదూ? ఆ తమ్ముడికి ఊరి బయట ఇంత దొడ్డి ఉంది. కోళ్లకి స్థలం, నాకు నిద్ర.

కాకపోతే ఇప్పుడున్నవి చాలవు. ఒక్క వారం వదిలేస్తే ఇంకాస్త పెరుగుతాయి. అప్పుడు చూపిస్తే సరి. ఏమీ చెయ్యకపోవడమే పథకం. నాలాంటి అలిసిపోయినవాడికి ఇంతకన్నా నప్పే పథకం ఉంటుందా?

"కడిగేశారా?" అంది లోపలినుంచి.

"కడిగేశాను."

"కర్ర సందులూ?"

"సందులూ."

ఆ మధ్యాహ్నం మూడు గంటలు పడుకున్నాను. అంత మంచి నిద్ర మళ్లీ పట్టలేదు.

గురువారానికి దురద మొదలైంది. వీపు, మెడ, నడుము. ఒక చేత్తో టిక్కెట్టు కొడుతున్నాను, ఒక చేత్తో గోక్కుంటున్నాను. కిక్కిరిసిన బస్సులో నా చుట్టూ మాత్రం నలుగురు పట్టే ఖాళీ. ఇరవై ఆరేళ్లు అరిచినా జరగనివాళ్లు ఆ రోజు చెప్పకుండానే జరిగారు.

"ఏంటి గురూ, లోపల ఏమన్నా పెంచుతున్నావా?" అన్నాడు మా డ్రైవరు.

"చెమట పొక్కులు" అన్నాను. ఇంట్లో అడిగితే మా ఆవిడకీ అదే చెప్పాను.

"చెమటా? ఈ చలిలోనా?"

"బస్సులో ఉక్క."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, సూదిలో దారం ఎక్కించుకుంది.

శుక్రవారం గుడ్లు తగ్గాయి. శనివారం ఉదయం మేనేజరమ్మ మూలన కూలబడి ఉంది. ఎర్రగా నిగనిగలాడే తురాయి పాలిపోయింది. దుబారా దాని కళ్లముందే గింజలన్నీ మింగేస్తున్నా పలకలేదు. వెళ్లి ఎత్తుకున్నాను. ఒట్టి ఈకలు ఎత్తినట్టుంది. మామూలుగా నా చెయ్యి పొడిచి లెక్క అడిగే పిల్ల, మెడ నా మోచేతి మీద వాల్చేసింది.

నాకు చాలా సిగ్గేసింది. నేను మూడు గంటలు పడుకోవడానికి ఇది నాలుగు రాత్రులుగా నెత్తురు ధారపోస్తోంది. చచ్చిపోతే? చంపింది నేనే కదా. డిపోకి ఫోన్ చేసి కడుపునొప్పి అని చెప్పాను. వేసుకున్న యూనిఫాంతోనే పశువుల మందుల కొట్టుకి పరిగెత్తాను.

కొట్టాయన తాపీమనిషి. "పేలా, ఎర్ర పురుగులా?" అన్నాడు.

"తేడా ఏంటండీ?"

"పేలు ఎప్పుడూ ఒంటిమీదే ఉంటాయి. ఎర్రవి పగలు కర్రలో దాక్కుని రాత్రి ఎక్కుతాయి. ఎక్కడున్నాయి మీకు?"

"నా మీద."

ఆయన కాస్త వెనక్కి జరిగి పొడి డబ్బా ఇచ్చాడు. కోడిని సంచిలో పెట్టి, తల మాత్రం బయటికి ఉంచి, పొడి వేసి మెల్లగా ఊపమన్నాడు. పురుగులు పెట్టిన గుడ్లమీద మందు పనిచెయ్యదు కాబట్టి ఏడు రోజులకోసారి, మొత్తం మూడుసార్లు వెయ్యాలన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ లేదు. జాకెట్లు ఇచ్చి రావడానికి వెళ్లి ఉంటుందనుకున్నాను. సంచి కోసం వెతికితే కనబడలేదు. ముందుగదిలో ఎవరిదో లాడ్జీ ఆర్డరు, నలభై తెల్ల దిండుగలీబులు దొంతరగా ఉన్నాయి. ఒక్కటి వాడి, ఉతికి, మడిచి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

మేనేజరమ్మ పాపం బుద్ధిగా ఊపించుకుంది. పొరుగమ్మ, దుబారా కూడా ఎలాగో కానిచ్చుకున్నాయి. గంట దగ్గరే వచ్చింది చిక్కు. నాలుగిళ్లు వినేలా అరిచి, ఒక్క గింజుడు గింజుకుని, గలీబుతో సహా ఎగిరి ఇంట్లోకి దూరింది. నేను వెనకాలే. అది మిషను ఎక్కింది, అక్కణ్ణించి దారపు ఉండలమీదికి, అక్కణ్ణించి మిగిలిన ముప్పై తొమ్మిది గలీబుల మీదికి. డబ్బా మూత ఎప్పుడు ఊడిందో తెలీదు. గదంతా తెల్లగా కమ్ముకుంది. నేను తుమ్ముతున్నాను, గంట గలీబు ఈడ్చుకుంటూ పెళ్లికూతురిలా నడుస్తోంది.

వీధి తలుపు తెరుచుకుంది.

"కడుపునొప్పి తగ్గిందా?" అంది మా ఆవిడ.

"నీకెలా..."

"మేనేజరమ్మ డీలాపడిందని మందుల కొట్టుకి వెళ్లాను. 'ఇందాకే మీ ఆయన పట్టుకెళ్లారుగా అమ్మా' అన్నాడు. డిపోకి ఫోన్ చేస్తే కడుపునొప్పి అన్నారు."

కింద పడిన తెల్ల పీలిక ఒకటి తీసుకుని పెరట్లోకి నడిచింది. నేనూ నడిచాను. గూట్లోకి వంగి, కర్ర అడుగున ఆ గుడ్డతో ఒక్కసారి తుడిచి నా ముందు పెట్టింది. ఎర్రటి చారలు.

"సందులూ కడిగారు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఫోన్ తీసి తమ్ముడికి చేసింది. "రేపు పొద్దున్నే పెద్ద బుట్ట వేసుకుని రా. ఈ కోళ్ల సంగతి తేల్చేద్దాం."

చూశారా, నా పథకం నెగ్గింది. కానీ నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు తెల్లారగానే, ఎవరూ చెప్పకుండా, గిన్నెలకొద్దీ నీళ్లు మరగబెట్టి కర్ర కడిగాను. పగుళ్లలో పుల్ల పెట్టి గీకాను. మేనేజరమ్మకి అరచేతిలో నీళ్లు పట్టాను. రెండు గుక్కలు తాగింది. ప్రాణం లేచొచ్చింది, దానికో నాకో మరి.

అంతలో బుట్టతో బావమరిది దిగాడు. వీధిలో అందరూ వాణ్ణి మెరుపు అంటారు, నత్తలా నడుస్తాడని. ఆ రోజే చెప్పిన టైముకి వచ్చాడు. గూడు తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"జబ్బు కోడిని ప్రయాణం చేయించకూడదు" అన్నాను.

"ఎవరన్నారు?" అంది మా ఆవిడ.

"నేనంటున్నా. ఇంకా రెండుసార్లు మందు వెయ్యాలి."

"ఎవరు వేస్తారు?"

"నేనే."

"కర్ర?"

"నేనే కడుగుతాను. ప్రతి మంగళవారం. మీ తమ్ముడి ముందు చెబుతున్నా, అవి ఎక్కడికీ వెళ్లవు!"

మెరుపు అయోమయంగా నావైపు చూసి, అక్కవైపు చూశాడు. "ఎక్కడికి వెళ్లడం బావా? రాత్రి అక్క మళ్లీ ఫోన్ చేసి ఇంకో రెండు పెట్టలు కావాలందని తెచ్చాను." బుట్ట మీది గుడ్డ తీశాడు. లోపల రెండు తలలు లేచాయి.

"కొత్తవాటిని మూడు వారాలు వేరే చోట ఉంచాలట. కొట్టాయన చెప్పాడు" అంది మా ఆవిడ, నా ముఖంలోకి చూడకుండా. "వెనక వరండా అయితే గాలీ వెలుతురూ బాగుంటాయి. మంచం తీసేస్తే సరిపోతుంది. మీరు వద్దంటే చెప్పండి, ఇప్పుడే వెనక్కి పంపేస్తాను."

ఆవిడ చూస్తోంది. మెరుపు చూస్తున్నాడు. నా కాళ్ల దగ్గర మేనేజరమ్మ నీరసంగా తల ఎత్తి, బుట్టలో ఎవరా అని చూస్తోంది.

"బుట్ట అలా పట్టుకునే నిలబడ్డావేమిటోయ్" అన్నాను మెరుపుతో. "వరండాలో దించు. మంచం నేను తీస్తాను."