నాలుగు ఎర్ర మూటలు

బుధవారం ఉదయం దొరబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. అద్దెకి చూసొచ్చిన ఇంట్లో నాలుగు మూలలా నాలుగు మూటలు పెట్టాలి, మర్నాడు వచ్చి విప్పి చూడాలి, ఈలోగా ఎవరికీ చెప్పకూడదు. అతను తాడేపల్లిగూడెంలో నలభై ఏళ్లు బెల్లం, ఎండుమిర్చి టోకు వ్యాపారం చేసినవాడు. ఏ గోడౌను తీసుకున్నా ముందు అందులో గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండు మిరపకాయలు, చిన్న బెల్లం ముక్క ఒక రాత్రి ఉంచేవాడు. తెల్లారాక మిరపకాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. కాయ మెత్తబడిందంటే, ఓనరు ఎంత తీయగా మాట్లాడినా అక్కడ సరుకు దించేవాడు కాదు. ఓనర్ని మాత్రం ఎప్పుడూ ఏమీ అడిగేవాడు కాదు. అమ్మేవాడిని అడగడం వృథా అని అతని లెక్క.

ఇప్పుడు సరుకు లేదు. కొట్టు మూసేశాడు. మిరప ఘాటుకి తుమ్ముతూ నలభై ఏళ్లు కాపురం చేసిన భార్య మంగాయమ్మ అడిగింది ఒక్కటే: మిగతా రోజులు విశాఖపట్నంలో, సముద్రపు గాలి తగిలే చోట ఉందామని. నెల్లాళ్లుగా గాజువాకలో ఆమె తమ్ముడింట్లో దిగి, ఈ వానల్లోనే పదకొండు ఇళ్లు చూశారు. చెమ్మ ఉందని పదకొండింటినీ దొరబాబు కొట్టిపారేశాడు.

పన్నెండోది మల్కాపురంలో ఒక మేడమీది వాటా. మంగళవారం చూసొచ్చారు. వెనక కిటికీలోంచి చూస్తే ఇళ్ల కప్పుల అవతల హార్బరు నీళ్లు ఒక చీలికంత కనిపిస్తాయి. వాళ్లు అక్కడ నిలబడి ఉండగానే ఒక పెద్ద ఓడ, ఆ కప్పుల మీద నడిచి వెళ్తున్నట్టుగా, మెల్లగా వెళ్లింది. మంగాయమ్మ కిటికీ చువ్వ వదల్లేదు.

"ఏవండీ, ఇదీ వద్దనుకుంటే చెప్పేయండి. గూడెం వెళ్లిపోదాం. నేనింక అడగను," అంది.

కోపంగా అని ఉంటే దొరబాబు భయపడేవాడు కాదు. ఆవిడ మామూలుగా అంది.

ఇంటి యజమాని జ్ఞానదాసు పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. చర్చిలో పెద్ద. కింద వాటాలో ఉంటాడు. "తాళం మీకాడే ఉంచండి. నింపాదిగా సూసుకొని గురువారం నాడియ్యండి," అన్నాడు. అడక్కుండా తాళం చేతిలో పెట్టే ఓనర్ని దొరబాబు ఎన్నడూ చూడలేదు. దాంతో అతని అనుమానం రెట్టింపయింది.

మూటలకి పల్చటి గుడ్డ కావాలి. చీమ దూరకూడదు, గాలి దూరాలి. మంగాయమ్మ సంచిలో ఒక ఎర్ర జాకెట్టు ముక్క కనిపించింది. దాన్ని నాలుగు చేసి, ఉప్పూ మిరపకాయలూ బెల్లమూ మూటలు కట్టాడు. మాత్రలు కొనుక్కొస్తానని చెప్పి బుధవారం ఒక్కడే వెళ్లి నాలుగు మూలలా పెట్టి వచ్చాడు.

ఆ రాత్రంతా వాన ఏకధారగా కురిసింది.

గురువారం ఉదయం ఆలుమగలిద్దరూ మల్కాపురంలో ఆటో దిగేసరికి వీధి నిండా గొడుగులు ఉన్నాయి. వాటి మధ్య ఎదురింటి అప్పలమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చేపలమ్ముకుంటూ, జ్ఞానదాసు ఇల్లు కూడా ఊడ్చిపెడుతుంది. కిటికీలోంచి జల్లు పడిందేమోనని అంతకు గంట ముందు అతను రెండో తాళం ఇచ్చి ఆమెను మేడమీదికి పంపాడు.

"ఓలమ్మో! నాలుగు మూలలా ఎట్టీసినారమ్మా! ఎర్రగుడ్డ, ఉప్పు, మిరపకాయలు! నెత్తురు కారతన్నాది!"

బెల్లం కరిగి రంగుగుడ్డలోంచి కారిందని దొరబాబుకి వెంటనే అర్థమైంది. 'బెల్లమే కారిందంటే చెమ్మ బాగా ఎక్కువన్నమాట' అనుకున్నాడు. ఇక్కడ అంతకన్నా పెద్ద ఇబ్బంది ఒకటి వచ్చిపడిందని తట్టడానికి మరికొంచెం సేపు పట్టింది.

"ఇలాటియ్యి నాను నమ్మనండి," అన్నాడు జ్ఞానదాసు మేడమెట్ల దగ్గర. గంట నుంచి అతను మొదటి మెట్టు మీదే ఉన్నాడు. రెండో మెట్టు మీద కాలు పెట్టలేదు.

అప్పలమ్మ చీపురు పక్కింటి గవర్రాజు వైపు తిప్పింది. "నువ్వే! మేడ నీ అల్లుడికియ్యమని మొన్న గొడవాడినావు గదా!"

"ఒలే అప్పలమ్మా, నానేటి సేసినాను? ఆటోనగర్‌లో లేతు మిషను కాడ నిలబడి సచ్చీవోణ్ణి, నాకియ్యన్నీ ఎక్కడొచ్చును? కావాలంటే దీపమార్పి ఒట్టేత్తాను! బావా, నువ్వైనా సెప్పు!" అని గవర్రాజు జ్ఞానదాసుని బతిమాలాడు.

అతను అంత అరుస్తున్నా గొడుగు మాత్రం తన నెత్తిన లేదు. గొడుగు లేకుండా వచ్చిన అప్పలమ్మ మీద పట్టి, తను తడుస్తున్నాడు. దొరబాబు అది గమనించాడు. తిట్టే మనిషికి గొడుగు పట్టే బేరం అతని నలభై ఏళ్ల అనుభవంలో లేదు.

జ్ఞానదాసు దొరబాబు వైపు తిరిగాడు. "మీరు పెద్దోరు. మాటిచ్చినాను గానీ, ఈ మేడ మీకియ్యలేను. రేపు అమ్మగారికేటైనా అయితే దేవుడికి నానేటి సెప్పుకోవాల? తాళమేసేత్తాను."

"నువ్వెల్లకమ్మా," అని అప్పలమ్మ మంగాయమ్మకి అడ్డం నిలబడింది. మంగాయమ్మ ఆమె భుజం మీదుగా మేడ వైపు చూసి, కళ్లజోడు తుడుచుకుంది.

దొరబాబు లెక్క వేశాడు. నిజం చెబితే వీధంతా మీద పడుతుంది. చెప్పకపోతే ఇల్లు పోతుంది. మూటలు లేకుండా చేస్తే గొడవే ఉండదు కదా.

"నేను తీసేస్తానండి. నాకు భయం లేదు," అన్నాడు.

ముందు అతను ఎక్కాడు. వెనక నాలుగు మెట్ల దూరంలో వీధి జనమంతా ఎక్కారు. మొదటి మూట విప్పగానే అతని చెయ్యి నలభై ఏళ్ల అలవాటుగా మిరపకాయను చెవి దగ్గరికి తీసుకెళ్లి ఊపింది. చప్పుడు లేదు. వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఉప్పు కాస్త నాలుక మీద వేసుకున్నాడు.

"సెవికాడెట్టుకొని మాటాడిత్తన్నాడు!" అంది అప్పలమ్మ. "ఓలమ్మ! సేతబడి నాకీసినాడు!"

నాలుగో మూట దగ్గరికి వచ్చేసరికి వెనక ఉన్నవాళ్లు చెప్పులు విప్పేశారు. ఒకావిడ తన ఇంటికి కూడా ఒక్కసారి రమ్మంది. గవర్రాజు రెండు చేతులూ జోడించాడు.

"సామీ, ఎవుడెట్టినాడో మీకు తెలిసిపోయుంటాది. ఆడి పేరు సెప్పీండి. రేపు నాను ఈ ఈదిలో తలెత్తుకు తిరగాల."

దొరబాబు నోరు తెరిచాడు. ఈలోగా మంగాయమ్మ వంగి, నేల మీది గుడ్డ తీసి వెలుగులో పెట్టి చూసింది.

"ఇదేంటండీ! మా మరదలు పెట్టిన జాకెట్టు ముక్క! నిన్నట్నుంచి సంచంతా వెతుకుతున్నాను."

అందరూ దొరబాబు వైపు తిరిగారు.

"నేనే పెట్టానండి," అన్నాడు దొరబాబు. "చెమ్మ చూసుకుందామని. గోడౌన్లకి అలాగే చూసేవాణ్ణి. గవర్రాజు గారూ, ఏ పాపమూ ఎరగని మీరు మాట పడ్డారు. తప్పు నాది."

గవర్రాజు చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. "మిరపకాయ కోసమేటి? దీనికోసం నాను దీపమార్పి ఒట్టెయ్యబోనానేటి?"

ముందుగా నవ్వింది అప్పలమ్మ. చీపురు పడేసి, గుమ్మంలో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆమెను చూసి గవర్రాజు, అతన్ని చూసి మెట్ల మీదివాళ్లు నవ్వారు. జ్ఞానదాసు ఒక్కడే నవ్వలేదు.

"ఇంతకీ మిరపకాయ ఏటన్నాదండి?"

"నాలుగు మూటల్లోవీ మెత్తబడ్డాయి," అన్నాడు దొరబాబు. ఇల్లు పోయినా సరుకు విషయంలో అబద్ధం ఆడటం అతనికి రాదు. "నా సరుకైతే ఈ ఇంట్లో ఒక్క రోజు కూడా ఉంచను."

"నిజమే గదండీ. వంటింటి మూల కారతాది. వానాకాలం గోడలన్నీ సెమరత్తాయి. అడిగుంటే తాళమిచ్చిన్నాడే సెప్పీసుందును."

దొరబాబు చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. పన్నెండు ఇళ్లు చూశాడు. ఒక్క ఓనర్నీ అడగలేదు.

అప్పుడు బయట ఓడ కూత వేసింది. మంగాయమ్మ అప్పటికే కిటికీ దగ్గర ఉంది. తీర్పు వినకూడదనుకుందో ఏమో, ఇటు తిరగలేదు. అప్పలమ్మ లేచి ఆమె పక్కకి వెళ్లి, చువ్వల్లోంచి వేలు పెట్టి చూపించింది.

"బొగ్గు ఓడమ్మా అది. నీటిలోకి ఎంత దిగున్నాదో సూడు. నిండుగా ఉన్నాది. బొగ్గు దించీసి ఎల్లినప్పుడు సూడాల, మనిసెత్తు పైకి తేలిపోతాది."

మునిగిన కొలత బట్టి సరుకు అంచనా కట్టే మనిషి! దొరబాబు కూడా కిటికీ దగ్గరికి వెళ్లాడు. వానలో నల్లగా, బరువుగా, ఏ తొందరా లేకుండా, ఆ ఓడ కప్పుల మీదుగా వస్తోంది. పచ్చటి కొండ మీది మబ్బు దాని వెనకే దిగింది. అతను ఓడను చూశాడు. ఓడను చూస్తున్న మంగాయమ్మను చూశాడు. నెల్లాళ్లుగా ఆవిడ తుమ్మలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"మరేటి సేత్తారు?" అన్నాడు జ్ఞానదాసు.

"ఆదివారం సామాన్లతో దిగిపోతామండి."

"తడో?"

"మేం సరుకు కాదు కదండీ," అన్నాడు దొరబాబు. మంగాయమ్మ ఇటు తిరగలేదు గానీ, చువ్వ మీది చెయ్యి వదిలింది.

వారం తిరిగేసరికి గవర్రాజు గొడుగు మడుస్తూ మేడెక్కి వచ్చాడు. "బావా, అల్లుడికి వేరే ఇల్లు సూసినాను. ఓ మూట కట్టీవా?" అని దొరబాబుని అడిగాడు. తర్వాత అతని వియ్యంకుడికి ఒకటి, అప్పలమ్మ చెల్లెలికి ఒకటి కట్టాల్సి వచ్చింది. వానాకాలం వెళ్లేసరికి ఆ వీధిలో ఎర్ర మూట లేని ఇల్లు లేదు. సగం మంది చెమ్మ చూసుకోవడానికి పెట్టుకున్నారు. మిగతా సగం మంది, జ్ఞానదాసుతో సహా, ఎందుకు పెట్టుకున్నారో దొరబాబు అడగలేదు.