ఎర్ర అంకె

మా భవనం పై అంతస్తులో ఉండే హెడ్‌గుమాస్తాగారు రోగి అయినట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆయనకు ఒంట్లో ఏ బాధా లేదు. ఆకలి, నిద్ర, కోపం వేళకు వస్తున్నాయి. కాని దంపతులిద్దరూ చేయించుకున్న రక్తపరీక్షల్లో ఆయన యూరిక్ యాసిడ్ హద్దుకు వెంట్రుకవాసి పైన తేలింది. లేబొరేటరీ వారు ఆ అంకెను ఎర్రగా అచ్చేశారు.

ఆరోగ్యవంతుల్లోనూ కొందరి అంకెలు హద్దు దాటుతాయనీ, పరీక్షలు ఎక్కువైతే ఏదో ఒకటి దాటడం మామూలేననీ, మనిషిని చూడకుండా నిర్ణయించరాదనీ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఎర్ర అంకె ఉన్న కాగితంలో నల్ల అక్షరాలు చదివే ఓపిక ఎవరికుంటుంది?

యూరిక్ యాసిడ్ పెరిగితే నొప్పి మొదట కాలి బొటనవేలికే వస్తుందని ఎవరో చెప్పారు. ఆయన అంతవరకు తన బొటనవేలిని పట్టించుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు లేవగానే దాన్ని నొక్కి చూసుకునేవారు. నొప్పి ఉంటుందేమోనని భయం. లేకపోతే, ఇంకా ఎందుకు రాలేదని దిగులు. ఆఫీసులో ఫ్యాను కింది కుర్చీ ఆయనకు కేటాయించారు. బావమరిది రోజూ ఫోన్ చేసి బావగారి అంకె కులాసాగా ఉందా అని కనుక్కునేవాడు. బరువులెత్తరాదని ఆయన తనకు తానే ఉత్తర్వు జారీ చేసుకున్నారు. లిఫ్టు లేని భవనం కనుక కూరగాయలు, బియ్యం, మంచినీళ్ల డబ్బా మోసే బాధ్యత భార్యకు బదిలీ అయింది.

ఆవిడకు మెట్లెక్కితే ఆయాసం. అయితే ఆవిడ రిపోర్టులో ఎర్ర అంకె ఒక్కటీ లేదు.

దంపతులిద్దరూ డాక్టరుగారి దగ్గరకు వెళ్లారు. ఆయన మెడలో స్టెతస్కోపు టై మాదిరిగా హుందాగా ఉంది. కాగితం మీంచి తలెత్తకుండానే ప్రసంగించారు.

"అమ్మా, వైద్యం సాక్ష్యాన్ని నమ్ముతుంది. మీ సాక్ష్యం అద్దంలా ఉంది. ఇంత చక్కటి రిపోర్టు పెట్టుకుని ఆయాసమంటే ఎలా?"

"రిపోర్టు మెట్లెక్కదు కదండీ," అంది ఆవిడ.

డాక్టరుగారు నవ్వి, నిద్రమాత్ర రాశారు.

"విన్నావుగా, నీకేం లేదట," అన్నారు భర్త బయటికొస్తూ. "ఆ సంచి నువ్వే పట్టుకో."

ఆ తర్వాత ఆవిడ ఆయాసం మాట ఎత్తలేదు. మెట్ల మలుపులో ఆగి చెప్పు సర్దుకునేది. చెప్పు బాగానే ఉండేది. అందరూ లేదంటున్న ఆయాసం తనకే అబద్ధం చెబుతోందేమోనని ఆవిడకు అనుమానం పట్టుకుంది. మేమంతా మర్యాదగా "బావున్నారా" అని అడిగి, జవాబు వచ్చేలోగా దిగిపోయేవాళ్లం.

ఒక ఉదయం నీళ్ల డబ్బా ఒక్కటే దొర్లుకుంటూ కిందికి వచ్చింది. ఆవిడ మలుపులో పడి ఉంది. హెడ్‌గుమాస్తాగారు వచ్చి చూశారు. మరుక్షణం బొటనవేలి సంగతి మరిచి పైకి పరుగెత్తి ఆవిడ ఫైలు తెచ్చారు.

"ఈవిడకేం లేదండీ, అన్నీ నార్మల్," అని అంబులెన్సు వాళ్లకు కాగితం చూపించారు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఆవిడ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టింది. గుండె కవాటం బాగా ఇరుకైపోయిందట. స్టెతస్కోపు పెడితే చాలు, ఆ చప్పుడు వినిపిస్తుందట. చేయించిన రక్తపరీక్షల్లో దాని ప్రసక్తే లేదట. ఆపరేషన్ కావాలి, ఆలస్యమైంది కనుక హామీ ఇవ్వలేమన్నారు.

మళ్లీ రక్తం తీశారు. ఈసారి అంకెలు చాలావరకు ఎర్రగా వచ్చాయి. బంధువులు పరుగున వచ్చారు. హెడ్‌గుమాస్తాగారు భార్య చేయి పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు.

"ముందే ఇలా ఎర్రగా వచ్చి ఉంటే..."

ఆవిడ ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపింది.

"ముందే నేను చెప్పానండీ."

మాట్లాడి అలిసిపోకూడదని అందరూ ప్రేమగా మందలించారు.

ఆపరేషన్ రేపు. ఈలోగా మా భవన సంఘం సమావేశమై, నివాసులందరూ రక్తపరీక్షలు చేయించుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. మీ మెట్ల మలుపులోనూ ఎవరైనా ఆగి చెప్పు సర్దుకుంటూ కనిపిస్తే కంగారుపడకండి. ముందు కాగితం అడిగి చూడండి. మనిషిదేముంది, కదల్లేదు కనుక అక్కడే ఉంటుంది.