వానతోటలో వానకు ప్రవేశం లేదు

వాన నీటికి చోటు చూపించని కళాశాల నాగరికమైనది కాదని డెన్మార్క్‌లోని ఒక కళాశాల పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. (కాఫీ, కేకు అయ్యాక.) ఆ ప్రకారం మైదానం పల్లంలో వానతోట వెలిసింది. భవనాల కప్పుల మీద, దారుల మీద పడ్డ నీరంతా అందులోకి దిగి, మెల్లగా భూమిలోకి ఇంకాలి. అలా అయితే నేలమాళిగలోని వంటింట్లోకి నీళ్లు రావు.

అందరికంటే సంతోషించింది వంటమనిషి ఇంగెర్. ఆ వంటిల్లు అప్పటికే రెండుసార్లు మునిగింది. ఆహార తనిఖీవారు తలుపుకు ఏడుపు ముఖం బొమ్మ అంటించి, ఈసారి మునిగితే తాళమేనని చెప్పి వెళ్లారు. (అక్కడ వంటిళ్లకు మార్కులు ముఖాల్లోనే వేస్తారు.)

మొదటి వానకే తోటలోకి నీళ్లొచ్చాయి. సైకిళ్ల షెడ్డు బురదను, సిగరెట్ పీకలను వెంటబెట్టుకుని మరీ వచ్చాయి. పూలమొక్కలు తలలు వాల్చేశాయి. మేలైన వానతోటల పోటీకి న్యాయనిర్ణేతలు రానున్నారు. పర్యవేక్షకుడు మోగెన్స్ తోట చుట్టూ ఇసుక బస్తాలు పేర్పించాడు.

"ఇదేంటి మోగెన్స్?" అంది ఇంగెర్, బంగాళాదుంప చెక్కు తీస్తూ.

"పోటీ అయ్యేదాకా వాన నీళ్లు లోపలికి రాకూడదు. రూలు."

"మరి ఎటు పోతాయి పాపం?"

"ఆ సంగతి ఉపసంఘం చూస్తోంది."

"మీ ఉపసంఘం ఎక్కడుందో వాటికేం తెలుసు? మా మెట్లయితే బాగా తెలుసు. ఇంకా నయం, తోటకి గొడుగు పట్టలేదు."

"టెండరు పిలిచాం," అన్నాడు మోగెన్స్.

న్యాయనిర్ణేతలు వచ్చిన రోజే కుండపోత. బస్తాలు చెక్కు చెదరలేదు. నీళ్లు మర్యాదగా తోట చుట్టూ తిరిగి, మెట్లు దిగి, వంటింట్లో మోకాలి లోతున ఆగాయి. ఇంగెర్ బకెట్టు అందుకుంది.

"ఆగండమ్మా, తోడకండి!" అన్నాడు పెద్ద న్యాయనిర్ణేత మెట్ల మీంచి. "కొలవనివ్వండి."

కొలిచారు. కళాశాలలో వాన నీటిని నిజంగా పట్టి ఉంచుతున్న చోటు అదొక్కటేనని తేలింది. బహుమతి వంటింటికే ఇచ్చారు. (పచ్చదనం చాలదని మొదట రాశారు. వంటింటి మూలనున్న బస్తాలో మొలకెత్తిన బంగాళాదుంపల్ని మోగెన్స్ చూపించాక ఆ మాట కొట్టేశారు.)

"మరి నా పొయ్యి?" అంది ఇంగెర్.

"ఇక్కడింకేమీ కదపకూడదు," అన్నాడు మోగెన్స్, బహుమతి ఫలకానికి మేకు కొడుతూ. "రక్షిత ప్రదేశం."

తనిఖీవారు అన్నమాట ప్రకారం తాళం వేశారు. పొయ్యికి పొడిచోటు కావలసి వచ్చింది. పాలకవర్గం మళ్లీ ఏకగ్రీవంగా తీర్మానించింది. (కేకు వేరే రకం.)

ఇప్పుడు ఇంగెర్ వానతోటలో, బస్తాల మధ్య, టెండరులో వచ్చిన గొడుగు కింద బఠాణీ సూపు కాస్తోంది. తనిఖీవారు వచ్చి చూశారు. కళాశాల మొత్తంలో ఇంత పొడిగా ఉన్న చోటు ఇంకొకటి లేదని రాసి, బస్తాకు నవ్వు ముఖం అంటించి వెళ్లారు.