తొమ్మిదేళ్ళుగా తెరిచే ఉన్న వెబ్‌సైటుకి ప్రారంభోత్సవం

“ఇరవై రోజుల్లో ‘గొంతుక’ వెబ్‌సైటుని ఎంత సులువు చేస్తామంటే, దాన్ని వాడటానికి చదువు అక్కర్లేదు, తెలివి అక్కర్లేదు, అవసరమైతే కంప్యూటరు కూడా అక్కర్లేదు” అని సులభశాఖ మంత్రిగారు పత్రికలవారి ముందు ప్రకటించారు. అంతమంది విలేకరుల్లో ఒక్కరికీ అడగడానికి ప్రశ్న దొరకలేదు. ప్రకటన అంటే అలా ఉండాలి. దాన్ని టైపు చేసింది నేనే గనక ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను.

నేను ఆ శాఖలో ప్రెస్‌నోట్లు రాసే గుమాస్తాని. గొంతుక అంటే కంప్యూటరు తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు. చూపులేనివాళ్ళ కోసం కొంతమంది ప్రోగ్రామర్లు తీరిక వేళల్లో ఉచితంగా తయారుచేశారు. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ చివరి ముక్క మా శాఖకి మొదట్నుంచీ మింగుడు పడలేదు. వెబ్‌సైటు నడిచే సర్వరు మాత్రం మాది. ఓ మూల ఖాళీగా ఉంది కదా అని పూర్వం ఎవరో మంచాయన వాళ్ళకి ఇచ్చాడు. ఆయన్ని తర్వాత బదిలీ చేశారు.

గొడవంతా మా వదిన రాసిన ఉత్తరంతో మొదలైంది. వదిన చూపులేని పిల్లల బడిలో టీచరు. ఆమె దగ్గర చదివే పదకొండుమంది ఆడపిల్లలు ఈసారి చివరి పరీక్ష రాయాలి. ప్రశ్నపత్రం ఇకనుంచి కంప్యూటర్లోనే వస్తుందని, దాన్ని గొంతుకతోనే చదివించుకోవాలని, పక్కన మనిషి కూర్చుని చదివిపెట్టడానికి వీల్లేదని కొత్త రూలు వచ్చింది. సరేనని వదిన వెబ్‌సైటు తెరిచింది. అందులో నలభై లింకులున్నాయి. గంటన్నర వెతికినా డౌన్‌లోడ్ ఎక్కడుందో దొరకలేదు. ‘అయ్యా, కొత్తవాళ్ళకి తికమకగా ఉంది. డౌన్‌లోడ్ బటన్ కాస్త పెద్దది చేసి పైన పెట్టించండి’ అని శాఖకి ఉత్తరం రాసింది. ఆ రెండు వాక్యాల మీద మావాళ్ళు పద్నాలుగుమందితో సరళీకరణ సంఘం వేశారు.

మొదటి సమావేశానికి ప్రోగ్రామర్ల తరఫున ఒకతను వచ్చాడు. పేరు ఎవరూ అడగలేదు. గడ్డం ఉంది గనక గడ్డం అన్నారు.

“అసలు ఓపెన్ సోర్స్ అంటే ఏంటయ్యా?” అడిగారు మంత్రిగారు.

“అందరికీ ఓపెన్‌గా ఉంటుంది సార్.”

“ఎప్పట్నుంచి?”

“తొమ్మిదేళ్ళ నుంచి.”

మంత్రిగారి మొహం మారిపోయింది. “ఎవరు ఓపెన్ చేశారు?”

“ఎవరూ చెయ్యలేదు సార్. పుట్టినప్పట్నుంచీ ఓపెనే.”

పీఏ గబగబా పాత డైరీలన్నీ తిరగేశాడు. తొమ్మిదేళ్ళలో ఏ మంత్రీ అలాంటి ప్రారంభోత్సవానికి వెళ్ళిన దాఖలా లేదు.

“అంటే రిబ్బన్ కట్ చెయ్యకుండా, శిలాఫలకం లేకుండా, తొమ్మిదేళ్ళుగా జనం లోపలికి వస్తూ పోతూ ఉన్నారన్నమాట” అన్నారు మంత్రిగారు. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినపడింది.

“పెద్ద పొరపాటే జరిగింది సార్” అన్నారు కార్యదర్శిగారు. “దీన్ని తమరు వెంటనే ఓపెన్ చెయ్యాలి.”

“ఓపెన్‌గానే ఉంది కదండీ” అన్నాడు గడ్డం.

“అందుకే ముందు మూసేద్దాం.”

ఇంత సూటిగా ఆలోచించే అధికారిని నా సర్వీసులో చూడలేదు. అయిదు నిమిషాల్లో వెబ్‌సైటు మూతపడింది. దాని మీద అడ్డంగా ఎర్ర రిబ్బన్ బొమ్మ, పక్కన ‘త్వరలో ప్రారంభం’ అన్న మాటలు వెలిశాయి.

మర్నాటి నుంచి సరళీకరణ మొదలైంది. సంఘం పద్ధతి చాలా శాస్త్రీయం. పేజీని గోడ మీద వేసి ఒక్కో మాటా పైకి చదువుతారు. సభ్యుల్లో ఒక్కరికి అర్థం కాకపోయినా ఆ మాట తీసేస్తారు. అందరికీ అర్థమైతే, ప్రతిపక్షానికి కూడా అర్థమవుతుందేమోనని తీసేస్తారు.

“‘హెల్ప్’ అని ఉంది సార్.”

“సాయం కావాలంటే జనం కష్టాల్లో ఉన్నట్టే కదా. తీసెయ్.”

“‘తెలిసిన లోపాలు, రెండొందల పన్నెండు.’”

“మన లోపాలు మనమే లెక్కపెట్టి బోర్డు కట్టుకుంటామా?”

ఒక్క మీట నొక్కగానే రెండొందల పన్నెండు లోపాలూ మాయమయ్యాయి. ఏళ్ళ తరబడి వాటితో కుస్తీ పడుతున్న గడ్డం నోరెళ్ళబెట్టాడు.

“‘సహకరించినవారు’ అని మూడొందల నలభై పేర్లున్నాయి.”

“అన్ని పేర్లుంటే కొత్తవాళ్ళు తికమకపడరూ? ఒక్కటి ఉంచండి.”

ఏ ఒక్కటి అని ఎవరూ అడగలేదు. మావాళ్ళకి ఆ మాత్రం లోకజ్ఞానం ఉంది.

“‘డౌన్‌లోడ్.’”

మంత్రిగారు టీ కప్పు కింద పెట్టారు. “నా హయాంలో డౌన్ అన్న మాట వినపడకూడదు. అప్ అని మార్చండి.”

గడ్డం లేచి నిలబడ్డాడు. “అప్‌లోడ్ అంటే వేరు సార్. జనం మన దగ్గర తీసుకోరు. వాళ్ళవే మనకి పంపిస్తారు.”

“పంపిస్తే పుచ్చుకుందాం. వద్దంటామా?”

ఆఖరికి ఏదో ఒక లోడు ఉండటం కూడా కొత్తవాళ్ళ మీద భారమేనని కార్యదర్శిగారు మనవి చేయడంతో, రెండూ తీసేశారు.

సోమవారం పరీక్ష అనగా బుధవారం నాడు వదిన నేరుగా నా సీటు దగ్గరికే వచ్చింది.

“ఏమయ్యా, నేనేం అడిగాను? బటన్ పెద్దది చెయ్యమన్నాను. ఉన్నది పీకెయ్యమన్నానా?”

“ఇంకా సులువు చేస్తున్నారు వదినా.”

“ఈ పరీక్ష పాసైతేనే వాళ్ళకి పై చదువుకి సీటు. నాలుగేళ్ళు కష్టపడి చదివిందంతా ఏట్లో కలపమంటావా?”

“శుక్రవారం ఓపెనింగ్ ఉంది కదా.”

“ఓపెనింగూ నా తలకాయానూ” అంది వదిన. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు చాలా బాధేసింది. బాధేసినప్పుడు ఒక గుమాస్తా చేయగలిగిందే నేనూ చేశాను. ప్రారంభోత్సవానికి శాఖవాళ్ళు వెతుకుతున్న ‘అధికారిక కొత్తమనిషి’ ఖాళీలో ఆమె పేరు రాశాను. ఆవిడ ఇదివరకే గంటన్నర సైటు చూసింది గనక కొత్త కాదని కార్యదర్శిగారు అడ్డు చెప్పారు. ఏమీ దొరకలేదు గనక ఇంకా కొత్తేనని నేను వాదించాను. ధ్రువపత్రం వచ్చింది.

శుక్రవారం హాలు కిటకిటలాడింది. గుడ్డతెర మీద ఎర్ర రిబ్బన్ బొమ్మ మెరుస్తోంది. మౌసు నొక్కితే చాలని ఎంత చెప్పినా మంత్రిగారికి నచ్చలేదు. కత్తెర తెప్పించుకుని, రిబ్బన్ కనిపిస్తున్న చోట గుడ్డతెరని ఈ చివర నుంచి ఆ చివరకి కత్తిరించేశారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. సగం తెర కింద పడ్డా, మిగిలిన సగంలో కొత్త వెబ్‌సైటు చక్కగా కనిపించింది. మంత్రిగారి ఫోటో, కింద ‘స్వాగతం’.

“లోపలికి వెళ్ళాలంటే ఏది నొక్కాలండీ?” అడిగింది వదిన.

“లోపలంటూ లేకుండా చేశామమ్మా” అన్నారు కార్యదర్శిగారు. “ఇక దారి తప్పే ప్రసక్తే లేదు.”

మంత్రిగారు మైకు ఆమె ముందు పెట్టారు. “చెప్పండమ్మా, ఇందులో మీకు అర్థం కానిది ఏమైనా ఉందా?”

“ఇందులో ఏమీ లేదండీ.”

“విన్నారు కదా. అర్థం కానిది ఏమీ లేదట.”

“అది కాదండీ, అసలు...”

మైకు అప్పటికే వందన సమర్పణకి వెళ్ళిపోయింది. మంత్రిగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సంఘాన్ని ఇక్కడితో ఆపనని, కొత్తవాళ్ళు తికమకపడే ప్రతి శాఖకీ ఇవాళ్టి నుంచే పంపిస్తానని అక్కడికక్కడే ప్రకటించేశారు.

బయట మెట్ల మీద గడ్డం వదిన చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టాడు. “గొంతుక మొత్తం ఇందులో ఉంది మేడమ్. ఓపెన్ సోర్స్ కదా. వాళ్ళు అక్కడ మూసేస్తే నా జేబులో మూతపడుతుందా?”

వదిన ఆ మెట్ల మీదే కూలబడి నవ్వింది. నేనూ నవ్వాను. శని, ఆదివారాలు ముగ్గురం బడిలోనే ఉండి పదకొండు కంప్యూటర్లలోనూ గొంతుక ఎక్కించాం. పిల్లలు దానిచేత తిట్లు చదివించుకుని, వేగం మూడింతలు పెంచి మళ్ళీ చదివించుకుని, పడీపడీ నవ్వారు. పాఠాలన్నీ ఒకసారి విన్నారు. ఎక్కడా తడబడలేదు. “ఇక ఏ ప్రశ్న వస్తుందో రానీ” అంది వదిన.

సోమవారం పరీక్ష గురించి రాయడానికి శాఖ నన్నే పంపింది. పది గంటలకి ప్రశ్నపత్రం తెర మీదికి వచ్చింది. పదకొండుమందీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వేళ్ళు కీబోర్డు మీద ఆనించి కూర్చున్నారు.

మొదటి వరసలో పిల్ల చెయ్యెత్తింది. “టీచర్, నాది ‘స్వాగతం’ అని ఆగిపోయింది.”

“నాదీ అంతే” అంది పక్కపిల్ల.

వదిన వంగి తెర చూసింది. మంత్రిగారు నవ్వుతున్నారు. ఆయన కింద చిన్న అక్షరాల్లో ‘సరళీకరణ సంఘంచే సులభతరం చేయబడిన ప్రశ్నపత్రం’ అని ఉంది.

“ప్రశ్నలు ఎప్పుడు చదువుతుంది టీచర్?”

వదిన నావైపు చూసింది. నేను తల దించుకుని ప్రెస్‌నోట్ పూర్తి చేశాను. ‘హాజరైన పదకొండుమందిలో ఏ ఒక్కరూ ఒక్క తప్పు కూడా రాయలేదు.’